నల్లగొండ, పాలమూరు వీధుల్లో రోజూ తొక్కడానికి ఏ సైకిల్?

సైకిల్ దుకాణంలో అడుగుపెట్టినవారి చూపు మొదట రంగు మీద, తరువాత గేర్ల మీద, ఆ పైన ధర చీటీ మీద పడుతుంది. దుకాణదారు కూడా సాధారణంగా "ఎంతలో చూపించమంటారు?" అనే అడుగుతాడు. "రోజూ ఏ దారిలో తొక్కుతారు?" అని అడిగినవారు నాకు ఇంతవరకు ఒక్కరే తారసపడ్డారు. అందుకని ఆ ప్రశ్నను కొనేవారే తమకు తాము వేసుకోవాలి.

ఈ వ్యాసంలోని సలహా అంతా ఒక్క సూత్రం మీద ఆధారపడింది. ఇంటి నుంచి పనిచోటుకు నాలుగు కిలోమీటర్లు ఉంటే అందులో మూడున్నర కిలోమీటర్లు ఏ సైకిల్ మీదనైనా సాగిపోతాయి. మిగిలిన అర కిలోమీటరే మీకు ఎటువంటి సైకిల్ కావాలో తేలుస్తుంది. పానగల్ వైపు నుంచి నల్లగొండలోకి వచ్చేవారికి అది గడియారం సెంటరు, ప్రకాశం బజారు చుట్టుపక్కల ముక్క కావచ్చు. పాలమూరులో అది రైల్వే గేటు ఎత్తగానే రెండు వైపుల బండ్లూ ఒకేసారి కదిలే చోట దాటవలసిన ఇరవై గజాలు కావచ్చు, లేదా మెట్టుగడ్డ దగ్గర బస్సులకూ ఆటోలకూ నడుమ మిగిలే మూరెడు జాగా కావచ్చు. నల్లగొండకు 565వ నంబరు, పాలమూరుకు 167వ నంబరు జాతీయ రహదారి ఉన్నాయి కాబట్టి, కొందరికి ఆ కష్టమైన ముక్క లారీల పక్కన, ఇసుక పేరుకున్న ఎడమ అంచున ఉంటుంది. డబ్బు చేతిలో పట్టుకుని దుకాణానికి పోకముందు ఆ అర కిలోమీటరును రద్దీ వేళలో ఒకసారి నడిచి చూడండి.

ముందుగా చూడవలసినవి

అన్నిటికన్నా ముందు ఆగడం సంగతి చూడాలి. గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు నాలుగు మీటర్లకు పైగా పోతున్నట్టు లెక్క; ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకోవడం కంటబడి, చేయి బ్రేకు పట్టేలోపే ఆ నాలుగు మీటర్లూ అయిపోతాయి. మన బజార్లలో సైకిల్ మీద పోయే మనిషి వంద గజాలకు ఒకసారైనా ఆగక తప్పదు. షేర్ ఆటో మనిషిని ఎక్కించుకోవడానికి ఉన్నపళంగా ఆగుతుంది, పండ్ల బండి అడ్డం తిరుగుతుంది, రాంగ్ రూట్‌లో ఒక మోటారు సైకిల్ ఎదురుగా వస్తుంది. ఆగిన ప్రతిసారీ సీటు దిగకుండానే రెండు కాళ్ల మునివేళ్లు నేలకు ఆనాలి. పెడల్ కిందికి పోయినప్పుడు మోకాలు దాదాపు నిటారుగా ఉండాలని పందాల సైకిళ్లవారు చెప్పే నియమం దూరపు దారులకు సరైనదే గాని, బజారులో తొక్కేవారు సీటును దానికన్నా రెండు వేళ్లు దించుకోవడం మేలు. మోకాళ్లకు కొంత శ్రమ పెరిగినా పడిపోయే భయం తగ్గుతుంది.

బ్రేకుల విషయంలో రిమ్ము ఏ లోహానిదో అడగండి. మెరుగు పెట్టిన ఇనుప రిమ్ము వానకు తడిస్తే రబ్బరు దిమ్మె పట్టు బాగా తగ్గిపోతుంది. అల్యూమినియం రిమ్ము తడిసినా చాలావరకు పట్టు నిలుపుకుంటుంది. వానాకాలంలోనూ తొక్కవలసినవారికి ఈ ఒక్క తేడా గేర్లన్నిటికన్నా ముఖ్యం.

రెండవది మరమ్మతు. మన వైపు రోడ్డు పక్కన పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఉండని చోటు లేదు. పంచరు తప్పదు, కనుక అది ఎక్కడ అతుక్కుంటుందన్నదే లెక్కలోకి తీసుకోవాలి. మీ ఇంటికీ పనిచోటుకీ మధ్య ఉన్న పంచరు దుకాణం దగ్గర ఐదు నిమిషాలు ఆగి, అక్కడ గోడకు ఏయే సైజుల టైర్లు వేలాడుతున్నాయో చూడండి. అక్కడ కనబడని సైజు టైరున్న సైకిల్ కొంటే, అది పాడైన రోజున ఆటోలో ఎక్కించుకుపోవలసి వస్తుంది.

మూడవది మోత. పాతిక కిలోల బియ్యం బస్తా, నీళ్ల క్యాను, బడి సంచితో సహా ఒక పిల్ల – వీటిలో మీరు వారానికి రెండుసార్లైనా ఏది మోస్తారో దాన్నిబట్టి క్యారియరూ స్టాండూ చూసుకోవాలి. దూరం, ఎత్తుపల్లాలు, ఎండ, ధర ఆ తరువాతివి. ధర చివర రావడం చూసి ఆశ్చర్యపడవద్దు. రోజూ తొక్కే సైకిల్‌కు వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం కన్నా, తొక్కకుండా మెట్ల కింద పెట్టిన సైకిల్‌కు ఆరు వేలు పెట్టడమే ఖరీదైన పని.

ఐదు రకాలు, ఒక చూపులో

| రకం | ఆగడం, కాలు ఆనడం | మోత | వీధి చివర మరమ్మతు | రోజుకు హాయిగా తొక్కగల దూరం | సుమారు ధర (రూ.) |
|---|---|---|---|---|---|
| పెద్ద సైకిల్ (22, 24 అంగుళాల ఫ్రేము) | పొట్టివారికి కష్టం | అన్నిటికన్నా మిన్న | ఎక్కడైనా | 10–12 కి.మీ. | 5,000–7,500 |
| లేడీస్ ఫ్రేము సైకిల్ | అన్నిటికన్నా సులువు | మధ్యస్థం | ఎక్కడైనా | 8–10 కి.మీ. | 5,500–8,500 |
| లావు టైర్ల సైకిల్ | బాగుంటుంది | క్యారియర్ విడిగా వేయించాలి | గేర్లు లేకుంటే సులువు | 8–12 కి.మీ. | 6,500–16,000 |
| హైబ్రిడ్ (పందాల సైకిల్‌కూ లావు టైర్ల సైకిల్‌కూ నడుమ రకం) | మధ్యస్థం | తక్కువ | కష్టం | 20 కి.మీ. దాకా | 13,000 నుంచి |
| బ్యాటరీ సైకిల్ | బాగుంటుంది, బరువు ఎక్కువ | మధ్యస్థం | మోటారుకు కష్టం | 20–25 కి.మీ. | 25,000 నుంచి |

ధరలు కంపెనీని, విడిభాగాలను బట్టి మారతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లు అడిగి తీసుకుని, అందులో పన్ను ఎంత వేశారో చూసుకోండి.

పెద్ద సైకిల్

పాలవారు, కూరగాయలవారు, పాత సామాను కొనేవారు ఇప్పటికీ దీన్ని వదలకపోవడానికి కారణం అలవాటు ఒక్కటే కాదు. 28 అంగుళాల చక్రం గుంతలో పడి లేచేటప్పుడు చిన్న చక్రం కన్నా తక్కువ కుదుపుతుంది. వెనక క్యారియర్ ఫ్రేముకు గట్టిగా బిగించి ఉంటుంది. రెండు కాళ్ల స్టాండు వేస్తే యాభై కిలోల బరువుతో కూడా నిలబడుతుంది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లకు భయపడి మంచినీళ్ల కోసం తిరిగిన ఆ రోజుల్లో, క్యారియర్‌కు అటొకటి ఇటొకటి బిందెలు కట్టుకుని సైకిళ్లు పోతుండటం మా తరానికి గుర్తుంది.

దీని బలహీనత ఆ కష్టమైన అర కిలోమీటరులోనే బయటపడుతుంది. సైకిల్ బరువే ఇరవై కిలోల చిల్లర. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్న సైకిల్ పెడల్ ఒక చుట్టు తిరిగితే ఐదు మీటర్లకు పైగా పోతుంది. చదునైన దారిలో అది చక్కటి లెక్కే గాని, ఆగి ఆగి కదలవలసిన చోట, మోతతో, ప్రతిసారీ మొదటి రెండు తొక్కుళ్లు నడుము పట్టుకునేట్టు చేస్తాయి. కడ్డీ బ్రేకులు, ఇనుప రిమ్ములు ఉన్నది కొంటే వానలో ఆగడానికి ముందుచూపు కావాలి. అంతకు మించిన చిక్కు పైకడ్డీ. క్యారియర్ మీద బస్తా ఉంటే వెనక నుంచి కాలు తిప్పి ఎక్కడం కుదరదు, ముందు నుంచి కాలు దాటించాలంటే సైకిల్‌ను పక్కకు వంచాలి, వంచితే బస్తా లాగుతుంది. ఎత్తు ఐదడుగుల ఏడు అంగుళాలకు తక్కువ ఉన్నవారు 24 అంగుళాల ఫ్రేము జోలికి పోకుండా 22 అంగుళాలదే చూడాలి.

లేడీస్ ఫ్రేము సైకిల్

ఈ వ్యాసం చదివి మగవారు ఒక్కరైనా సిగ్గు వదిలి ఈ సైకిల్ కొంటే నా శ్రమ ఫలించినట్టే. దీనికి "లేడీస్" అన్న పేరు అంటుకుని ఉండటం వల్ల మన ఊళ్లలో పదో తరగతి దాటిన మగపిల్లవాడు దాన్ని ముట్టుకోడు. పైకడ్డీ లేకపోవడమంటే క్యారియర్ మీద మోత ఉన్నా, ముందు బుట్టలో కూరగాయలు ఉన్నా, పంచె కట్టినా చీర కట్టినా, నడుస్తున్నట్టే ఎక్కి నడుస్తున్నట్టే దిగవచ్చు. ఆటో ఉన్నపళంగా ఆగినప్పుడు సీటు మీద నుంచి ముందుకు జారి రెండు పాదాలూ నేల మీద మోపి నిలబడటానికి అడ్డేమీ ఉండదు. మోకాళ్ల నొప్పులున్న అరవై దాటినవారికి ఇంతకన్నా మంచి సైకిల్ మరొకటి లేదు.

ఈ రకంలో చాలావాటికి 26 అంగుళాల సన్న టైర్లు, నిండు చైన్ కవరు, రెండు మడ్‌గార్డులు, ముందు బుట్ట దుకాణంలోనే వస్తాయి. చున్నీ వేసుకునేవారు వెనక చక్రానికి బట్ట చిక్కకుండా వలలాంటి కాపు ఉన్నదే తీసుకోవాలి. లేకుంటే అడిగి వేయించుకోవాలి. ఫ్రేము కాస్త ఊగుతుంది కనుక క్యారియర్ మీద పాతిక కిలోలు దాటించకపోవడం మంచిది.

లావు టైర్ల సైకిల్

ఇంటర్ చదివే పిల్లలు అడిగేది ఇదే. రెండు అంగుళాల దాకా వెడల్పున్న టైరు రోడ్డు అంచున ఇసుకలో జారదు. తారు రోడ్డు నుంచి మట్టి అంచుకు దిగి మళ్లీ ఎక్కవలసి వచ్చినప్పుడు సన్న టైరులా అంచు వెంట పక్కకు లాగదు. లారీ వెనక నుంచి హారన్ కొడితే రోడ్డు దిగడానికి సందేహించనక్కరలేదు. ఈ గుణం ఒక్కటి చాలు, జాతీయ రహదారి పక్కన తొక్కేవారికి నేను దీన్నే సూచిస్తాను.

అయితే ముందు స్ప్రింగుల ఫోర్కు, నడుమ మరో స్ప్రింగు, 21 గేర్లు ఉన్న చవక సైకిల్ మీద ఆశపడవద్దు. ఆ ధరలో వచ్చే స్ప్రింగులు బరువు పెంచి, తొక్కిన బలంలో కొంత మింగేస్తాయి. గేర్ల సంగతి నా సొంత అనుభవం. కొన్నేళ్ల కిందట గేర్ల సైకిల్ ఒకటి కొని, బస్‌స్టాండు దగ్గర నిలిపి పోతే, పక్క బండి మీద పడి వెనక గేరును పట్టి ఉంచే చిన్న కొక్కెం వంగి విరిగింది. ఊళ్లో ఆ ముక్క దొరకలేదు. హైదరాబాద్ నుంచి తెప్పించేలోపు ఎనిమిది రోజులు నడక. ఆ కొక్కెం ఒక్కో మోడల్‌కు ఒక్కో తీరుగా ఉంటుందన్న సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. గేర్లు కావాలనుకుంటే ఆ కొక్కెం మరొకటి సైకిల్‌తోపాటే కొని ఇంట్లో పెట్టుకోండి.

మరి గేర్లు ఎవరికి కావాలి? దారిలో రైలు వంతెన లాంటి పెద్ద ఎత్తు ఉన్నవారికి, ఎదురుగాలిలో ఐదు కిలోమీటర్లు దాటి పోయేవారికి కావాలి. చిన్న గేరులో పెడల్ ఒక చుట్టుకు రెండు మీటర్లే పోతుంది, కాబట్టి మూడు నిమిషాల ఎత్తును కూర్చునే ఎక్కవచ్చు. ఇల్లు, బడి, బజారు ఒకే చదునులో ఉన్నవారు గేర్లు లేనిదే కొని, మిగిలిన డబ్బుతో మంచి క్యారియర్, మడ్‌గార్డులు, తాళం కొనుక్కోవచ్చు.

హైబ్రిడ్

దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తేలిక, వేగం, సన్న టైరు దీని సుగుణాలు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద పిల్లలమర్రి దాకానో, ఉదయ సముద్రం కట్ట దాకానో పోయి వచ్చేవారికి ఆనందాన్నిస్తుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సౌర పలకల కప్పు దారి లాంటిది మన ఊళ్లలోనూ ఉంటే దీని విలువ వేరుగా ఉండేది. రోజువారీ పనికి, ఆ కష్టమైన అర కిలోమీటరుకు ఇది తగినది కాదు. దీని టైరు, ట్యూబు మన పంచరు దుకాణాల్లో అరుదు.

బ్యాటరీ సైకిల్

పాలమూరులో 2022 డిసెంబరులో కొత్త కలెక్టరేట్ పాలకొండలో ప్రారంభమైన తరువాత, ఊరి నడుమ ఉద్యోగానికి నడిచో సైకిల్ మీదో పోగలిగిన కొందరికి దూరం పెరిగింది. ఎండలో చెమటతో తడిసి కార్యాలయంలో కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అటువంటివారికి ఇది నిజంగా పనికివస్తుంది.

చట్టం విషయం తెలుసుకుని కొనాలి. మోటారు శక్తి 250 వాట్లకు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు, బ్యాటరీ మినహా బరువు 60 కిలోలకు లోబడి ఉంటేనే అది మోటారు వాహనం కిందికి రాదు. అప్పుడే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు. "ఇంకా స్పీడు పోతుంది సార్, వైరు ఒకటి మారిస్తే చాలు" అని ఎవరైనా చెబితే ఆ మార్పుతో మీరు రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం నడుపుతున్నవారవుతారు.

36 వోల్టుల, 7.8 ఆంపియర్-గంటల బ్యాటరీ నిండడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు, కాబట్టి రోజువారీ ఖర్చు లేదనే చెప్పవచ్చు. అసలు ఖర్చు కొన్నేళ్లకు బ్యాటరీ మార్చవలసి వచ్చినప్పుడు వస్తుంది. దాని ధర ఎంతో, ఊళ్లోనే దొరుకుతుందో లేదో కొనేరోజే అడిగి రాయించుకోండి. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద నిలిపిన సైకిల్‌ను ఇంటికి రాగానే చార్జింగుకు పెట్టవద్దు. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. చల్లారాక, వీలైతే రాత్రిపూట, నీడపట్టున పెట్టాలి. బ్యాటరీ విప్పి లోపలికి తీసుకుపోగలిగిన రకమే కొనండి. రద్దీలో ఇంకొక జాగ్రత్త అవసరం: పెడల్ కదిలిన క్షణానికి మోటారు అందుకునే రకాల్లో, నిలిచి ఉన్నప్పుడు కాలు పొరపాటున తగిలితే సైకిల్ ముందుకు దూకుతుంది. బ్రేకు పట్టగానే మోటారు ఆగే ఏర్పాటు ఉందేమో దుకాణంలోనే పరీక్షించాలి.

ఎవరికి ఏది

బడికి, కాలేజీకి పోయే పిల్లలకు గేర్లు లేని లావు టైర్ల సైకిల్‌కు క్యారియర్ వేయించి ఇవ్వండి. "ఇంకా ఎదుగుతాడు కదా" అని పెద్ద ఫ్రేము కొనడం మన ఇళ్లలో ఆనవాయితీ. చొక్కా వదులుగా కుట్టించినట్టు సైకిల్ కొనకూడదు. కాలు అందని పిల్లవాడు ఆగవలసిన చోట ఆగకుండా సందు వెతుక్కుంటాడు, ఆ సందు రెండు బండ్ల మధ్యన ఉంటుంది.

కూరగాయలో పాలో అమ్ముకునేవారికి పెద్ద సైకిల్ తప్ప మరొకటి చెప్పలేను. అయితే వెనక పళ్లచక్రాన్ని 18కి బదులు 20 పళ్లదిగా మార్పించుకుంటే, మోతతో కదిలే మొదటి తొక్కుడు తేలికవుతుంది. పని కూడా పది నిమిషాలదే. సంఘం మీటింగుకు, అంగడికి, పిల్లను బడిలో దింపడానికి తిరిగే గృహిణికి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడికి లేడీస్ ఫ్రేముదే నా ఓటు.

ఉద్యోగి విషయంలోనే నాకు కాస్త ఊగిసలాట ఉంది. రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లలోపు అయితే బ్యాటరీకి పెట్టే డబ్బు దండగ. ఉదయం తొమ్మిదిలోపు బయలుదేరితే సాధారణ సైకిల్ మీద పాతిక నిమిషాల్లోపు చేరుకోవచ్చు, ఒక చొక్కా అదనంగా సంచిలో పెట్టుకుంటే సరిపోతుంది. పన్నెండు కిలోమీటర్లు దాటితే బ్యాటరీ సైకిల్ లేకుండా ఏప్రిల్, మే నెలల్లో ఎవరూ నిలకడగా తొక్కడం నేను చూడలేదు. ఈ రెంటి మధ్య ఉన్నవారు ముందు మామూలు సైకిల్ ఎవరినైనా అడిగి తెచ్చుకుని రెండు వారాలు తొక్కి చూడాలి.

పెద్ద రోడ్డా, గల్లీలా?

సైకిల్ ఎంపికతోపాటే దారి ఎంపిక కూడా చేయాలి, ఎందుకంటే దారి మారితే కొన్నిసార్లు సైకిల్ రకమే మారిపోతుంది. పెద్ద రోడ్డు చదునుగా, నేరుగా ఉంటుంది. కాలనీ గల్లీల్లో స్పీడ్ బ్రేకర్లు, పైపుల కోసం తవ్వి సరిగా పూడ్చని గుంతలు, కుక్కలు, ముగ్గు వేసిన వాకిళ్ల ముందు ఆడుకునే పిల్లలు ఉంటారు. గల్లీలో ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. అయినా అక్కడ అందరూ మీ వేగంతోనే పోతారు కనుక, తప్పు జరిగినా దెబ్బ చిన్నది.

పెద్ద రోడ్డు తప్పనివారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది డివైడరు. ఎదుటి దుకాణానికి పోవాలంటే తెరిపి దాకా పోయి తిరిగి రావాలి. ఆ బద్ధకానికే చాలామంది రాంగ్ రూట్‌లో పోతారు. ఎదురొచ్చే బండి వేగం మీ వేగానికి కలుస్తుందని మరవకండి. సైకిల్ దిగి, నడిచేవారితోపాటు నెట్టుకుంటూ దాటడం నామోషీ పనేమీ కాదు. ఆగి ఉన్న కార్ల పక్కన పోయేటప్పుడు తలుపు తెరుచుకున్నా తగలనంత ఎడం, అంటే దాదాపు ఒక మీటరు వదలాలి. వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టనివ్వండి.

రాత్రి తొక్కేవారు వెనక ఎర్ర లైటు, పెడళ్లకూ చక్రాలకూ పసుపు రిఫ్లెక్టర్లు, హ్యాండిల్‌కు కుడివైపు చిన్న అద్దం వేయించుకోవాలి. ఇవన్నీ కలిపినా ఐదారు వందల్లో అయిపోతాయి.

పాతది కొనేవారికి

పాత పెద్ద సైకిళ్లలో అట్లాస్ పేరున్నవి మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. ఆ కంపెనీ చివరి కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు మూతపడింది. అయినా భయపడనక్కరలేదు, పెద్ద సైకిళ్ల భాగాలు చాలావరకు ఒక కంపెనీవి మరొకదానికి సరిపోతాయి. వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉండాలి. లేకుంటే ఫ్రేము వంగి ఉంటుంది, దాన్ని వదిలేయండి. చక్రాన్ని ఎత్తి తిప్పితే బ్రేకు దిమ్మెల మధ్య ఊగకుండా తిరగాలి. పెడల్ చేతులను పక్కలకు ఊపితే టకటకమంటే లోపలి గోళీలు అరిగాయని అర్థం, అది రెండు మూడు వందల పని, ఆ మేరకు బేరం చేయవచ్చు.

కొత్తదైనా పాతదైనా, దుకాణం ముందర ఖాళీ సైకిల్‌ను రెండు చక్కర్లు కొట్టి నిర్ణయించకండి. మీరు రోజూ మోసే సంచిని వెంట తీసుకుపోయి, క్యారియర్‌కు కట్టి, పది గజాలకు ఒకసారి ఆగుతూ కదులుతూ తొక్కి చూడండి. కొన్న పదిహేను రోజులకు కొత్త సైకిల్ పుల్లలు, బ్రేకు తీగలు, చైను సాగి వదులవుతాయి; అప్పుడు ఒకసారి బిగింపించుకునే షరతును బిల్లు వెనక రాయించుకోండి.